జడ్జిగారి మోచెయ్యి

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు కాట్‌ఫర్డ్‌లో కొలువు తీరుతుంది. పార్లమెంటువారు తమ తీరికను బట్టి శాసనాలు చేసుకోవచ్చు. రాజుగారు తమ కోటలో చిత్రకారుల ముందు కూర్చోవచ్చు. కాని దక్షిణ లండనులో ఏ పాట బతకాలి, ఏ పాట అట్టపెట్టెలోనే కన్నుమూయాలి అన్న ప్రశ్న మాత్రం మా దుకాణంలోనే తేలాలి. పందేలు కట్టించుకునే కొట్టుకూ, గోళ్ళకు రంగులు వేసే పార్లరుకూ నడుమ ఇరుక్కున్న పన్నెండడుగుల వెడల్పు సభాభవనం అది. అక్కడ సర్వమూ ఒక మనిషి ఎడమ మోచేతి మీద ఆధారపడి ఉంటుంది.

దుకాణం నాది. కరీబియన్ దీవి సెయింట్ లూషియా నుంచి వచ్చిన మా అమ్మ ఇదే గదిలో ముప్ఫై ఏళ్ళు టోపీలు అమ్మింది. టోపీలు పెట్టుకునే తలలు ఊళ్ళో తగ్గిపోయాక, నేను తలను వదిలిపెట్టకుండానే కొంచెం కిందికి దిగి, చెవులకు కావలసిన సరుకు అమ్మడం మొదలుపెట్టాను. బోర్డు మీద ‘శార్లరీ’ అన్న ఇంటిపేరు అలాగే ఉంది. ‘టోపీలు’ అన్న చోట ‘రికార్డులు’ అని రాయించాను. తలుపుకు కట్టిన గంట, టేకు కౌంటరు, కొనకుండా వెళ్ళేవారిని చూసే చూపు, ఈ మూడూ అమ్మ ఇచ్చిన ఆస్తి.

మేము అమ్మేది గరాజ్, దాని తోబుట్టువు బేస్. అడుగు పడవలసిన చోట పడకుండా, పడకూడని చోట పడే సంగీతం అది. అడుగున మంద్రస్వరం నేలను తడుముతూ పోతుంది. పైన సన్నని గలగలలు ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు పరుగులు తీస్తాయి. రెంటికీ మధ్య ఖాళీ ఉంటుంది. జనం నాట్యం చేసేది ఆ ఖాళీలోనే. పెద్ద కంపెనీల సరుకు మా గడప తొక్కదు. మాకు వచ్చేవన్నీ ఎవరి పడకగదిలోనో పుట్టి, మూడు వందల ప్రతులుగా అచ్చయి, నడుమ తెల్లకాగితం మీద ఒక రబ్బరుముద్ర తప్ప పేరూ ఊరూ లేకుండా వచ్చే రికార్డులు. లోకంలో తక్కిన వంశాలకు పేరు ప్రతిష్ఠ అయితే, వీటికి పేరు లేకపోవడమే ప్రతిష్ఠ.

ఇక ఆ మోచేయి ఎవరిదో చెప్పాలి. ఫిట్జ్‌రాయ్ డేకర్స్, వయస్సు అరవై రెండు. ముప్ఫైనాలుగేళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేశాడు. అదే ముప్ఫైనాలుగేళ్ళు శనాదివారాలు నిలువెత్తు స్పీకర్ల ఎదుట నిలబడ్డాడు. ఊరంతా అతన్ని జడ్జి అంటుంది. శుక్రవారం నేను కొత్త రికార్డును పళ్ళెం మీద ఉంచి ముల్లు దించగానే, అతడు ఎడమ మోచేయిని కౌంటరు మీద మోపి కళ్ళు మూసుకుంటాడు. స్పీకరు పెట్టె కౌంటరు పాదానికి ఆనుకొని ఉంటుంది కనుక, మంద్రస్వరం టేకు చెక్క గుండా ఎక్కి నేరుగా ఎముకలోకి ప్రవేశిస్తుంది. అతడు మౌనంగా ఉంటే ఆ రికార్డు కింది అరకు పోతుంది. ‘ఊఁ’ అంటే నడిమి అర. కుడిచేతి చూపుడువేలు గాలిలో వెనక్కి తిరిగిందా, నేను ముల్లు ఎత్తి పాటను మళ్ళీ మొదటినుంచి వేయాలి. మా నాట్యశాలల్లో జనం తట్టుకోలేక గోల పెట్టినప్పుడు పాటను వెనక్కి తిప్పడం ఆచారం. మా సభలో ఆ జనమంతా ఒక్క వేలే. అలా తిరిగిన రికార్డుకు నేను స్వహస్తంతో రాసిన స్టిక్కరు అంటిస్తాను: ‘జడ్జి వెనక్కి తిప్పించాడు.’ ఒసాకా నుంచి బ్రిస్టల్ దాకా ఆ నాలుగు అంగుళాల కాగితాన్ని నమ్మి, వినకుండానే తెప్పించుకునేవారున్నారు. ఇరవై రెండేళ్ళలో అలాంటివి నలభై ఒకటి. నోబెల్ బహుమతివారు ఇంతకంటే ధారాళంగా పంచుతారు.

సభలో మరొక పండితుడు టెల్ వైబ్రో. ఉత్తరాలు పంచే ఉద్యోగం. తెల్లవారుజామునే మొదలుపెట్టి పదిన్నరకు సంచి దించి, మిరపకాయ సాసు చేతికి కారుతుండగా మాంసం ప్యాటీ తింటూ, జడ్జి ఏమంటే దాన్నే కొంచెం పెద్ద గొంతుతో అనడం అతని పాండిత్యం.

పద్దెనిమిది నెలల క్రితం ఒక శుక్రవారం జడ్జి కళ్ళు తెరిచి, నుదురు ముడిచాడు.

“ఈ కాలం పిల్లలు పైన గలగలలు తగ్గించేస్తున్నారేంటి?”

ఆ సమయంలో పళ్ళెం మీద తిరుగుతున్న రికార్డులో గలగలలు మరిగే నూనెలో నీళ్ళు చిలకరించినట్టు చిటపటలాడుతున్నాయి. టెల్ నావైపు చూశాడు. నేను టెల్ వైపు చూశాను. టెల్ ఒక్క నిమిషం తన చెవులతో సంప్రదించి, వాటిని అక్కడికక్కడే ఉద్యోగం నుంచి తొలగించాడు.

“అవును జడ్జీ, బాగా తగ్గించేశారు,” అన్నాడు.

తరువాతి వారమూ అంతే. ఆపై వారమూ అంతే. నాలుగో వారానికి అది సిద్ధాంతమైంది.

“సంగీతం పెద్దదవుతోందిరా టెల్,” అన్నాడు జడ్జి. “చిన్నప్పుడు వాగుతుంది. వయసొచ్చాక నోరు మూసుకుంటుంది. వినయం అంటారు దాన్ని.”

ఏడాది తిరగకముందే క్రాయిడన్ కుర్రాడొకడు ‘కాట్‌ఫర్డ్ వినయవాదం’ అన్న శీర్షికతో ఇంటర్నెట్‌లో పద్నాలుగు పేజీల వ్యాసం రాశాడు. అది చదివి ముగ్గురు యువకులు తమ పాటల్లోంచి గలగలలను నిజంగానే కత్తిరించి, బోడిగుండు చేయించుకున్న భక్తుల్లా ఆ రికార్డులను సభకు సమర్పించుకున్నారు. జడ్జి మూడింటినీ ఆలకించి, “చూశారా, అందరిదీ ఇదే దారి,” అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అతనికి అన్నీ నిజంగానే ఒకేలా వినిపించాయి.

నాకు తెలుసు. తలుపు గంట చెప్పింది. పూర్వం అది సన్నగా మోగగానే, జడ్జి వెనుదిరగకుండానే మోగిన తీరును బట్టి వచ్చినవారి పేరు చెప్పేవాడు. క్రమంగా పేర్లు చెప్పడం మానేశాడు. ఆపైన తల తిప్పడం కూడా మానేశాడు. కార్డు మెషిను కూత, టీ కెటిల్ ఈల, వేసవిలో పిట్టలు, ఇవన్నీ ఒకటొకటే అతని సభ నుంచి సెలవు తీసుకున్నాయి. పోతున్నది పాటల్లోంచి కాదని గ్రహించినా నేను నోరు విప్పలేదు. అబద్ధమూ ఆడలేదు. స్టిక్కర్లు రాశానంతే. మౌనానికి దయ అని పేరు పెట్టుకుంటే నిద్ర బాగానే పడుతుంది.

జూన్‌లో ఒక శుక్రవారం, రెండున్నర దాటాక, కెజయా అంపోఫో వచ్చింది.

కెజయాకు ఇరవైనాలుగేళ్ళు. రైల్వేస్టేషను పక్కన బూట్లకు మడమలు వేసి, తాళంచెవులు కోసిచ్చే చిన్న కొట్టులో పనిచేస్తుంది. ఏప్రాను విప్పకుండానే, చంకలో చదరపు అట్టపెట్టెతో పరుగెత్తుకొచ్చింది. తలుపు గంట గట్టిగా మోగింది. జడ్జి కదలలేదు.

“యివెట్ ఆంటీ! వచ్చేశాయి!”

అందులో ఉన్నవి ఐదు నమూనా రికార్డులు. ఫ్యాక్టరీవారు మూడు వందలు అచ్చు వేసే ముందు ఐదు పంపుతారు. పాట కన్నవారు రెండు వైపులా ఆసాంతం విని ‘సరే’ అని రాస్తే యంత్రం తిరుగుతుంది.

“ఎప్పటిలోగా చెప్పాలి?” అన్నాను.

“ఇవాళ నాలుగింటికి. చెప్పకపోతే నా వరుస ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట. మళ్ళీ ఫిబ్రవరికి గానీ ఖాళీ లేదు.”

“విన్నావా మరి?”

“పొద్దున్నే విన్నా. నాకు బాగానే ఉంది. కానీ నాకు బాగుండటం ఏం లెక్క ఆంటీ?” అని, గొంతు తగ్గించి జడ్జివైపు తిరిగింది. “అంకుల్, మీరు వినాలి.”

టెల్ అతని భుజం తట్టాడు. జడ్జి కళ్ళు తెరిచాడు.

“ఓహో, తాళంచెవుల మహారాణి! ఎన్నాళ్ళయింది పిల్లా నీ మొహం చూసి?”

“ఐదేళ్ళు. మీరు పొమ్మన్నారుగా.”

“నేనా? నేనెవర్నీ పొమ్మనను. బస్సులే వాటంతటవి పోతాయి.”

నిజానికి పొమ్మన్నాడు. ఆ సంగతి నాకు గుర్తుంది. పందొమ్మిదేళ్ళ వయస్సులో ఆ పిల్ల తన తొలి పాట తెచ్చినప్పుడు, జడ్జి చివరిదాకా విని, “కింద ఉన్నది నీది. పైనున్నది ఎవరిదో. ఆ గలగలలు ఊళ్ళో అందరూ వాడే దుకాణం సరుకు. నీవి నువ్వు తెచ్చుకుని రా,” అన్నాడు. ఆ మాట కఠినమైనదే, కాని నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ రోజుల్లో అతని చెవి ఈగ దారిని కూడా గుర్తుపట్టేది.

వాటిని తెచ్చుకోవడానికి ఆమెకు ఐదేళ్ళు పట్టింది. కొట్టులో యంత్రం ఇత్తడిని కోస్తున్నప్పుడు రాలే కీచును, గుత్తిని గోడకు తగిలించినప్పటి గలగలను, కొత్త తాళంచెవి బల్లమీద పడ్డ చప్పుడును ఒక్కొక్కటిగా రికార్డు చేసుకుంది. అందులో ముతకదంతా గాలించి పారేసి, కొసన మిగిలిన మెరుపును మాత్రం దాచుకుంది. పాట పైభాగమంతా ఆ మెరుపే. ఈ సంగతి నాకు నెలక్రితమే చెప్పింది. జడ్జికి చెప్పవద్దంది. ఆయనే కనిపెట్టాలట.

“ఇది కూడా కాదంటే ఇంక పాటలొద్దు ఆంటీ,” అంది ఇప్పుడు నా చెవిలో. “హాయిగా తాళంచెవులు కోసుకుంటా.”

నాకు ముల్లు దించాలనిపించలేదు. అయినా దించాను.

కింద మంద్రం పొగమంచులో బస్సు వచ్చినట్టు వచ్చింది. దాని మీద తాళంచెవులు! కాట్‌ఫర్డ్‌లోని తలుపులన్నీ ఒకేసారి తెరుచుకోవాలనుకుని, మర్యాదకు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకుంటున్నట్టుంది. ప్రతి గలగలా పడవలసిన క్షణానికి వెంట్రుకవాసి వెనకగా పడుతోంది. ఆ వెంట్రుకవాసిలో నా నడుము, యాభై ఆరేళ్ళది, తనంతట తాను కదిలింది. టెల్ ప్యాటీ నమలడం ఆపి, జేబులు తడుముకున్నాడు.

జడ్జి మోచేయి మోపి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పాట అయిపోయింది. కళ్ళు తెరిచాక అతని ముఖంలో కనిపించిన ప్రేమను నేను ఎన్నటికీ మరిచిపోలేను. అందుకే ఆ తరువాత జరిగినది మరింత ఘోరమైంది.

“సాహసం చేశావు పిల్లా,” అన్నాడు. “నేను పైన నీవి వేసుకోమన్నా. నువ్వు అసలు పైనే తీసేశావు. కింద ఎంత బాగుందో! ఆ ముగ్గురు కుర్రాళ్ళూ చేయలేనిది నువ్వు చేశావు. ఇదీ వినయమంటే.”

కెజయా నవ్వు సగంలో ఆగిపోయింది.

“తీసేశానా?”

“ఒక్క గలగల కూడా లేదు. అద్భుతం.”

ఆమె టెల్ వైపు చూసింది.

“టెల్ అంకుల్, మీకూ వినపడలేదా?”

టెల్ గుటక వేశాడు. “ఏదో గలగలమంది గానీ... నా జేబులో తాళాలేమో అనుకున్నా.”

“నీ జేబులోవే,” అన్నాడు జడ్జి.

“నా జేబులోవే,” అన్నాడు టెల్.

ఇలాంటి పొరపాటు లోకంలో మరెవరూ చేయరు. ఎండలో నిలబడ్డ మనిషికి ఇది రాత్రి అని చెబితే నవ్విపోతాడు. కాని మా మనుషులకు జడ్జికి వినపడలేదని చెబితే, తమ చెవిలో మోగుతున్నదాన్ని తామే అనుమానిస్తారు. కెజయా ఫోను తీసింది.

“అంటే ఫ్యాక్టరీలో పోయాయన్నమాట. రికార్డు మీద గాడి కోసేటప్పుడు పైనంతా పోగొట్టారు. నాకు పొద్దున వినపడిందంటే... పాట నాకు కంఠస్థం కదా, లేనివి కూడా వినపడి ఉంటాయి. వద్దని రాసేస్తా.”

“ఆగు!” అన్నాను. “తొందరేంటి? నాలుగింటికి కదా. ముల్లు అరిగిపోయి ఉంటుంది. మారుస్తా.”

ఇరవై రెండేళ్ళలో ఏ ముల్లు మీదా నేను ఇంత పెద్ద నింద వేయలేదు. సొరుగులోంచి కొత్తది తీసి బిగించాను. పాట మళ్ళీ వేశాను. తాళంచెవులు ముందుకంటే స్వచ్ఛంగా మోగాయి. జడ్జి ముందుకంటే గట్టిగా తల ఊపాడు.

“ఊహూఁ. ఏం లేవు. అయినా అవెందుకే? ఇలాగే బాగుంది.”

కెజయా కళ్ళు చెమర్చాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని వెనకగదిలోకి, అట్టపెట్టెల మధ్యకు లాక్కుపోయాను.

“విను. నీ పాట బాగుంది. తాళంచెవులు ఉన్నాయి. నాకు వినపడ్డాయి. ఆయనకే వినపడటం లేదు. ఏడాదిన్నరైంది.”

ఆమె నన్ను దుకాణంలో దొంగతనం చేస్తూ దొరికినదాన్ని చూసినట్టు చూసింది.

“ఛీ, అలా అనకండి ఆంటీ. జడ్జిగారి చెవి గురించి!”

“చెవేనమ్మా. చెవి కూడా ఒంట్లో భాగమే.”

“నన్ను ఓదార్చడానికి ఆయన్ని చెడగొడతారా? నా పాట బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి, పడతాను. వినయవాదం మీద పద్నాలుగు పేజీల వ్యాసముంది. అందరూ చదివారు. అదంతా అబద్ధమా?”

అచ్చయినదానికి ఎదురు నిలిచే శక్తి సత్యానికి ఎప్పుడూ లేదు. అందులోనూ ఆ వ్యాసాన్ని నా దుకాణం గోడకు నేనే అంటించాను. గోడమీది గడియారం మూడు గంటల ఐదు నిమిషాలు చూపిస్తోంది. నేను చెబితే ఈ పిల్ల నమ్మదు. ఆ మాట అతని నోటినుంచే రావాలి. అతని నోటినుంచి రావాలంటే, పోయినవి అతని దగ్గరకు తిరిగి రావాలి.

అమ్మ చెప్పేది, పెద్దవాళ్ళు టోపీ అందుకోలేకపోతే వాళ్ళను గెంతమనకూడదని, టోపీనే కింది కొక్కానికి తగిలించాలని.

నేను కౌంటరు దగ్గరకు వెళ్ళి రికార్డును మళ్ళీ మొదటికి తెచ్చాను. అది నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరగవలసిన రికార్డు. నేను ముప్ఫైమూడు మీట నొక్కాను. వేగాన్ని సవరించే జారుడుమీటను కూడా అడుగుకంటా లాగాను. రికార్డు నెమ్మదిగా తిరిగితే అందులోని ప్రతి చప్పుడూ బరువెక్కి కిందికి దిగుతుంది. మామూలు రోజుల్లో అయితే ఇది మా వృత్తిలో కొత్తవాళ్ళు చేసి, పది మందిలో నవ్వులపాలయ్యే తప్పు.

“యివెట్టూ, మతిపోయిందా?” అన్నాడు జడ్జి నవ్వుతూ. “ముప్ఫైమూడులో పెట్టావు. ఆవు ఆవులించినట్టుంది.”

“మతి ఉండే పెట్టాను. మోచెయ్యి తియ్. చెవితో విను.”

“మోచెయ్యి ఎందుకు తీయాలి?”

“ఒక్కసారి తియ్ ఫిట్జ్.”

సభలో నేను అతన్ని పేరు పెట్టి పిలవను. అతడు నా ముఖం చూసి, నవ్వు ఆపి, మోచేయి ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. మంద్రం గదిలో భారంగా ఈదుతోంది. దాని పైన, మెట్లు దిగే ముసలివాళ్ళలా ఒకరి చేయి ఒకరు పట్టుకుని, తాళంచెవులు దిగి వచ్చాయి. గల్... గల్... గలగల్.

జడ్జి తల ఒక పక్కకు వాలింది. పూర్వం తలుపు గంట విన్నప్పుడు వాలినట్టే.

“ఇవేంటి?” అన్నాడు.

చెవిని స్పీకరువైపు వంచాడు.

“ఇత్తడి,” అన్నాడు మెల్లగా. “ఇత్తడి ఇది. తాళంచెవులు. పిల్లా, ఇవి నీ కొట్లో తాళంచెవులా?”

కెజయా తల ఊపింది.

“యివెట్, ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయి ఇందులో?”

“మొదట్నుంచీ.”

ముప్ఫైనాలుగేళ్ళు ఇంజన్లతో బతికినవాడు. ఒక్క మర వదులైతే బండి మొత్తం ఏమవుతుందో అతనికి వేరొకరు చెప్పనక్కరలేదు. అతని చూపు నా మీదినుంచి నడిమి అరకు, అక్కడినుంచి గోడమీది వ్యాసానికి పాకింది.

“మిగతావాట్లో కూడా ఉన్నాయా?”

“ఉన్నాయి. ఆ ముగ్గురు పిల్లలవాటిలో తప్ప.”

“వాళ్ళు నిజంగా తీసేశారా?”

“నీ మాట విని.”

“అయ్యో,” అన్నాడు. “అంటే వినయం పాటల్లో లేదన్నమాట.”

“లేదు.”

“మరి ఆ క్రాయిడన్ వాడు రాసిన పద్నాలుగు పేజీలు?”

“చాలా బాగా రాశాడు,” అన్నాను.

టెల్ దగ్గాడు. “జడ్జీ, నేను అనుకున్నా జేబులో...”

“నువ్వు నోర్ముయ్‌రా. నీ జేబుకున్నపాటి ధైర్యం నీకు లేకపోయింది.” ఆ తరువాత నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. “ఏడాదిన్నర. నీకు తెలుసు.”

“తెలుసు.”

“చెప్పలేదు.”

“నీ మోచెయ్యి బాగానే వింటోంది కదా అని...”

“జాలిపడ్డావు. ఇంజను పాడైతే పాడైందని చెప్పాలి యివెట్. బస్సు మీద ఎవరూ జాలిపడరు. ఎందుకంటే అందులో జనం ఉంటారు.”

రికార్డు ఆవులిస్తూ తిరుగుతూనే ఉంది. అప్పుడు కెజయా ముందుకు వచ్చింది. ఇంతసేపూ ఆ పిల్ల తన పాట ఉందని సంతోషించాలో, జడ్జి చెవి పోయిందని ఏడవాలో తెలియక నిలబడిపోయింది.

“అంకుల్,” అంది, “నెమ్మదిగా ఉంటే వినపడుతున్నాయి కదా. ఎక్కడిదాకా వినపడతాయో చూద్దామా?”

జడ్జి ఆమెవైపు తిరిగాడు. “పరీక్ష పెడుతున్నావా నాకు?”

“మీరు నాకు పెట్టారుగా. ఐదేళ్ళు.”

అతని పెదవి కొస కదిలింది. “కానియ్.”

నేను జారుడుమీటను కొంచెం కొంచెంగా పైకి తోశాను. పాట నడక నేర్చింది, వడివడిగా నడిచింది, పరుగు అందుకోబోయింది. జడ్జి కళ్ళు మూసుకుని, వైద్యుడికి నొప్పి చోటు చూపించే రోగిలా చెబుతూ వచ్చాడు.

“ఉన్నాయి... ఉన్నాయి... సన్నబడ్డాయి... ఇంకా ఉన్నాయి...” నేను నలభై అయిదుకు మార్చాను. “ఎక్కడో ఉన్నాయి... వెళ్ళిపోతున్నాయి.” మీట తన అసలు చోటికి చేరింది. “పోయాయి.”

ఆ మాట అన్న క్షణాన కెజయా ఏప్రాను జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, కౌంటరు చెక్క మీద, అతని మోచేయి ఎప్పుడూ ఉండే చోట కొట్టడం మొదలుపెట్టింది. పాటలో తాళంచెవులు ఎక్కడ పడుతున్నాయో సరిగ్గా అక్కడే, ఆ వెంట్రుకవాసి ఆలస్యంతోనే. టక్... టక్... టటక్. జడ్జి కళ్ళు తెరవలేదు. ఒళ్ళోంచి మోచేయి తీసి మళ్ళీ చెక్క మీద మోపాడు. మంద్రం ఒక దారిన, ఇత్తడి మరొక దారిన వచ్చి ఎముకలో కలుసుకున్నాయి.

“వెనక పడుతున్నాయి,” అన్నాడు చివరకు. “కావాలనే వెనక వేశావు.”

“అవును.”

“ఎవరివి?”

“నావే.”

“నీవే.” అతని కుడిచేయి మెల్లగా లేచింది. చూపుడువేలు గాలిలో వెనక్కి ఒక చుట్టు తిరిగింది.

టెల్ అరిచిన అరుపుకు పక్క పార్లరులోంచి రంగు ఆరని గోళ్ళతో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి తలుపులోంచి తొంగి చూశారు. నేను ముల్లు ఎత్తి మొదట్లో పెట్టాను. మూడు గంటల నలభై ఒక్క నిమిషానికి కెజయా ఫ్యాక్టరీకి ‘సరే’ అని రాసింది. రాసేముందు ఆమె ఎవరివైపూ చూడలేదు. ఐదేళ్ళలో ఆ పిల్ల ఎవరి అనుమతీ అడగకుండా చేసిన మొదటి పని అదేననుకుంటాను.

“స్టిక్కరు రాయి యివెట్,” అన్నాడు జడ్జి.

నేను కలం తీసి అలవాటు చొప్పున ‘జడ్జి వెనక్కి’ దాకా రాశాను.

“అది కాదు. నేను చెప్పింది రాయి. ‘ఇందులో పై సగం జడ్జికి వినపడలేదు. మీకు వినపడుతుంది.’ రాశావా? మూడు వందలకీ అదే అంటించు. ఆ ముగ్గురు పిల్లలకీ ఫోన్ చెయ్. తీసేసినవి మళ్ళీ పెట్టుకోమను. తప్పు వాళ్ళది కాదను.”

“వ్యాసం?”

“గోడ మీదే ఉండనీ. బాగా రాశాడన్నావుగా.”

కెజయా కొట్టు తెరిచిపెట్టి వచ్చిందట. నాలుగు రికార్డులు చంకలో పెట్టుకుని, ఐదోదాన్ని పళ్ళెం మీదే వదిలేసి, జడ్జి బట్టతల మీద ముద్దుపెట్టి పరుగెత్తింది. తలుపు మూసుకుంది. జడ్జి వీధివైపు తిరగకుండా, చెక్క మీద మోచేతితో కూర్చునే ఉన్నాడు.

“గంట మోగిందా?” అన్నాడు.

“మోగింది.”

“ఎలా ఉంది?”

“సన్నగా. కొంచెం తుప్పు పట్టింది. పిల్ల వేగంగా వెళ్ళింది కదా, రెండుసార్లు కొట్టుకుంది.”

అతడు దాన్ని మనసులో వేసి చూసుకున్నట్టు తల ఊపాడు.

“ఇక నుంచి మోగినప్పుడల్లా చెప్పు. చెప్పకుండా ఊరుకోకు.”

టెల్ టీ పెట్టడానికి లేచాడు. బయట 171 నంబరు బస్సు వచ్చి ఆగింది. దిగినవారిలో ఒకాయన కాసేపు కిటికీలోకి చూసి, తలుపు తోశాడు.

“మోగింది,” అన్నాను.